ఆ పదకొండు ఫారాలు ఎక్కడికి పోయాయి?

ఈసారి ఉత్తరం సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒకావిడ రాశారు. ఊరు, యూనివర్సిటీ పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న సంగతులు ఒకటి రెండు మార్చాను.

ఆవిడకు ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం. పీహెచ్‌డీలో ఐదో ఏడు నడుస్తోంది. తాగుడు అలవాటున్న భర్తలతో కాపురం చేస్తున్న ఆడవాళ్ల మీద ఆవిడ పరిశోధన. 18 డ్వాక్రా సంఘాలు, సంఘానికి 12 మంది చొప్పున 216 మంది. తొమ్మిది సంఘాల్లో వారానికోసారి, ఎనిమిది వారాల పాటు గ్రూప్ కౌన్సెలింగ్ నడిపారు, మిగతా తొమ్మిదింటిలో ఏమీ చేయలేదు. డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారాన్ని ముందొకసారి, తర్వాతొకసారి నింపించారు. కౌన్సెలింగ్ తీసుకున్న వాళ్ల స్కోరు తీసుకోని వాళ్లకంటే సగటున 1.1 పాయింట్లు ఎక్కువ తగ్గింది. పి-వాల్యూ, అంటే నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడానో అంతకు మించిన తేడానో యాదృచ్ఛికంగా కనపడే అవకాశం, 0.08.

గైడ్ గారు ఆ అంకె చూసి, 0.05 లోపు రాకపోతే పేపరు ఎవడూ వేసుకోడమ్మా అని, డేటా అనాలిసిస్ చేసిపెట్టే ఒకతని దగ్గరికి పంపారట. అతను అడిగిన మొదటి మాట, "ఎంతకి తేవాలి మేడమ్?" తెచ్చాడు కూడా. కౌన్సెలింగ్ తర్వాత స్కోరు తగ్గకపోగా పెరిగిన 11 మంది ఫారాలు పక్కన పెట్టేస్తే 0.08 కాస్తా 0.004 అయింది. గైడ్ పేరు, ఈవిడ పేరు కలిపి పేపరు ఒక విదేశీ జర్నల్‌కు వెళ్లింది. నాలుగు నెలలకు, పేపరు అచ్చుకు తగినదా అని చూసే రివ్యూయర్ల అభిప్రాయాలు వచ్చాయి. రెండో రివ్యూయర్ ప్రశ్న ఒక్క వాక్యం: పద్ధతుల భాగంలో 216 అని ఉంది, పట్టికలో 205 ఉంది, మిగతా 11 మంది ఏమయ్యారు? జవాబుకు ముప్పై రోజుల గడువు. "ఇన్‌కంప్లీట్ ఫారాలని రాసెయ్" అన్నారు గైడ్. ఆవిడ మాటల్లోనే: "ఆ ఫారాలు మా ఇంట్లో బీరువాలోనే ఉన్నాయండీ. తొమ్మిది ప్రశ్నలకీ టిక్కులున్నాయి. పక్కన కూర్చుని నింపించింది నేనే. ఆ 11 మందిలో ఏడుగురు ఒకే ఊరివాళ్లు, రెండు సంఘాలు. నేనిప్పుడు సార్‌కి ఎదురు చెప్తే థీసిస్ ముందుకు కదలదు. మా ఆయనేమో సార్ చెప్పింది చేసేయ్ అంటున్నారు. అంత భయమైతే ఇది వెనక్కి తీసుకుని డబ్బు కట్టే జర్నల్‌కి ఇద్దాం, పది రోజుల్లో వేస్తారు అంటున్నారు సార్. ఏం చేయమంటారు?" చివర్లో చిన్న ప్రశ్న ఇంకొకటి: మొదటి రివ్యూయర్ ఒకే రచయితవి నాలుగు పేపర్లు ఉదహరించమన్నాడు, ఉదహరించాలా అని.

అమ్మా, రివ్యూయర్, గైడ్, గడువు అన్నీ కాసేపు పక్కన పెట్టండి. ముందు బీరువా తీసి ఆ 11 ఫారాల్లో తొమ్మిదో ప్రశ్న దగ్గర ఏ గడిలో టిక్కుందో చూడండి. చచ్చిపోతే నయమనో, తనను తాను ఏదైనా చేసుకోవాలనో గత రెండు వారాల్లో అనిపించిందా అని అడిగేది ఆ ప్రశ్నే కదా. ఎవరిదైనా "అసలు లేదు" కాకుండా వేరే గడి ఉంటే, జర్నల్‌కు ఒక్క ముక్క రాసేముందు ఆవిడను కలవండి. ఫారం నింపి నెలలు గడిచాయి, ఇప్పుడు బాగానే ఉండొచ్చు, అయినా వెళ్లండి. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్తే మంచిది, చేతిలో ఫైలు మాత్రం వద్దు, భర్త వినేలా అసలే అడగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి ఇవ్వండి. అది ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, స్కోరు పెరిగిన ఆ 11 మందిని తర్వాత ఎవరైనా వెళ్లి పలకరించారా అన్నది మాత్రం అందులో కనపడలేదు. ఇందులో మిమ్మల్ని నిష్ఠూరమాడేదేమీ లేదు. పి-వాల్యూ వెంట పరుగు మొదలయ్యాక ఎవరికైనా జరిగేదే ఇది.

ఇక మీ గైడ్ సంగతి. ఆయన్ని దుర్మార్గుణ్ని చేయడం తేలికే గానీ ఆయన భయం ఉత్తిది కాదు. 1980లలో అమెరికాలో విలియం ఎప్‌స్టీన్ అనే సోషల్ వర్క్ పరిశోధకుడు ఒక పేపరును కావాలనే రెండు రకాలుగా తయారుచేశాడు. ఉబ్బసం ఉన్న పిల్లాణ్ని తల్లిదండ్రుల నుంచి కొన్నాళ్లు దూరంగా ఉంచితే ఏమవుతుందన్నది విషయం. ఒక రకంలో ఆ పద్ధతి పనిచేసింది, ఇంకో రకంలో పనిచేయలేదు, మిగతా అంతా ఒకటే. వందకు పైగా జర్నళ్లకు ఈ రెండు రకాలూ పంచి పంపితే, పనిచేసిందన్న రకానికే అంగీకారాలు ఎక్కువొచ్చాయి. మోసం చేశాడని ఆయన మీద వృత్తి సంఘానికి ఫిర్యాదు వెళ్లింది, తర్వాత అది నిలవలేదు, అధ్యయనం 1990లో అచ్చయింది. కాబట్టి "పనిచేయలేదని రాస్తే వేసుకోరు" అని మీ సార్ అంటున్నది అనుభవంతో అంటున్న మాటే. దానికి ఆయన కనిపెట్టిన మందుతోనే పేచీ అంతా.

శాంపిల్లోంచి కొందరిని తీసేయడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. సగం ప్రశ్నలకు జవాబు లేని ఫారం తీసేయొచ్చు, ఒకే మనిషి రెండుసార్లు నింపితే ఒకటి తీసేయొచ్చు. కానీ ఆ నియమం ఫలితం చూడకముందే పెట్టుకోవాలి, రెండు వైపులా ఒకేలా వర్తించాలి, ఎందరిని ఎందుకు తీశామో పేపర్లో చెప్పాలి. మీ 11 ఈ మూడింటిలో దేనికీ నిలవదు. మీరే ఆలోచించండి, కౌన్సెలింగ్ లేని తొమ్మిది సంఘాల్లో 11 మందికి స్కోరు పెరిగి ఉంటే ఆ డేటా అతను వాళ్లను తీసేసేవాడా? వాళ్లను భద్రంగా ఉంచేవాడు, మీకు లాభం గనక. ఇలాంటి వెసులుబాట్లు ఎంత దూరం తీసుకెళ్తాయో 2011లో ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. ఒకదానికి బదులు రెండు కొలతలు వాడటం, ఫలితం చూసి ఇంకొందరిని చేర్చడం లాంటివి నాలుగు కలిస్తే, లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 5 శాతం నుంచి 60 శాతం దాటిపోతుంది. "ఎంతకి తేవాలి మేడమ్" అన్న అతను ఏ గణిత మేధావీ కాదు, ఆ తలుపులన్నీ ఎక్కడున్నాయో తెలిసినవాడంతే.

ఇంకో చేదు మాట కూడా చెప్పాలి, రివ్యూయర్ కంట పడకముందే మీ కంట పడటం మేలు. మీ 0.08 కూడా నిజానికి 0.08 కాదు. మీ లెక్క 216 మంది ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులన్నట్టు చేసినది. వాళ్లు 18 సంఘాల వాళ్లు. ఒక సంఘంలోని పన్నెండు మందీ ఒకే వీధి, ఒకే బెల్టు షాపు, ఒకే లీడరు, మీ సెషన్లో ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు. వాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలిక కొంచెమే, సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో 0.05 మాత్రమే ఉందనుకున్నా, సంఘంలో మిగతా పదకొండు మందికీ 0.05 చొప్పున ఒకటికి కలిపితే 1.55 వస్తుంది, 216ను దాంతో భాగిస్తే మీ శాంపిల్ బలం 139 మందికి సమానం. పోలిక 0.1 అయితే 103కి పడిపోతుంది. అప్పుడు పి-వాల్యూ 0.15 దగ్గరికో ఇంకా పైకో పోతుంది. కాబట్టి విశ్లేషణ మళ్లీ చేయించేటప్పుడు ఎవరు ఏ సంఘం వాళ్లో లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ మోడల్ అడగండి, ఈసారి "ఎంతకి" అని అడగని మనిషి చేత. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లో ఎవరైనా దొరుకుతారు.

ఇంతకీ ఆ 1.1 పాయింట్లంటే ఎంత? పీహెచ్‌క్యూ-9 స్కోరు 0 నుంచి 27 దాకా. ఒక మనిషిలో 5 పాయింట్ల మార్పు వస్తే గానీ చెప్పుకోదగ్గ మార్పు అనరు. మీరు పంపిన అంకెల ప్రకారం తేడాకు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఉండగల హద్దులు, సుమారు మైనస్ 0.1 నుంచి 2.3 దాకా వస్తుంది, సంఘాల లెక్క కలిపితే ఇంకా వెడల్పవుతుంది. అంటే ఎంత ఉదారంగా చూసినా, ఎనిమిది వారాల సెషన్లు సగటున పెద్ద మార్పేమీ తేలేదు. 0.004 వచ్చినా చెప్పాల్సిన మాట దాదాపు ఇదే. పి-వాల్యూ ఒక గీత దాటిందా లేదా అన్నదొక్కటే చూసి తీర్మానాలు చేయొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే చేసింది. మీ సార్‌కి అది ప్రింట్ తీసి ఇవ్వండి, మీరు చెబితే వినకపోయినా ఆ అసోసియేషన్ చెబితే వింటారేమో.

సగటు సంగతి అలా ఉంచితే, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది మీరు నడుమ అనేసి వదిలేసిన వాక్యం. 11 మందిలో ఏడుగురు ఒకే ఊరు, రెండు సంఘాలు. యాదృచ్ఛికంగా చెడిపోయిన ఫారాలు ఇలా ఒకచోట కుప్పపడవు. అక్కడ ఏదో జరిగింది. ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను గానీ, నేనైతే మొదట అడిగేది అప్పుల గురించి. డ్వాక్రా సంఘం అంటే బ్యాంకు అప్పుకు పన్నెండు మందీ ఒకరికొకరు పూచీ. అలాంటి చోట ఒకావిడ "కిస్తీ డబ్బులు కూడా తాగేస్తున్నాడు" అని మనసు విప్పి చెప్పిందంటే, అది కౌన్సెలింగ్‌లో మనకు మంచి పురోగతి, ఆవిడకు మాత్రం పదకొండు మంది పూచీదార్ల ముందు నా కిస్తీ అనుమానమే అని చెప్పుకున్నట్టు. తర్వాతి వారం స్త్రీనిధి అప్పు లిస్టులో ఆవిడ పేరు వెనక్కి పోయిందా? లీడరు వరండాలో సెషన్ పెడితే, ఆ లీడరు భర్తకు, ఆయన ద్వారా ఊరి మగవాళ్లకు మాట చేరిందా? ఇవేవీ కాకుండా, మొదటిసారి సిగ్గుపడి తక్కువ చెప్పుకున్నవాళ్లు మీ మీద నమ్మకం కుదిరాక రెండోసారి ఉన్నదున్నట్టు చెప్పి ఉండొచ్చు, అప్పుడు స్కోరు పెరగడం చెడు కూడా కాకపోవచ్చు. ఇందులో ఏది నిజమో తేలాలంటే ఆ ఏడుగురితో ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి. అంతకుముందు, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి చిన్న సవరణ దరఖాస్తు పెట్టుకోవాలి.

మన రంగంలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 1939 నుంచి 1945 దాకా 506 మంది మగపిల్లల్ని జతలుగా విడదీసి, సగం మందికి ఇంటికొచ్చే కౌన్సెలర్లు, ట్యూషన్లు, వైద్యం, వేసవి క్యాంపులు లాంటి సాయం ఇచ్చారు, సగం మందికి ఏమీ ఇవ్వలేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లలో దాదాపు అందరినీ వెతికి పట్టుకుంది. సాయం అందుకున్నవాళ్లలో చాలామంది అది మాకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు తిరగేస్తే మళ్లీ మళ్లీ నేరం చేయడంలో, తాగుడు లక్షణాల్లో, మానసిక జబ్బుల్లో వాళ్లే ముందున్నారు. 1978లో ఆవిడ అది అచ్చు వేసింది. మంచి మనసుతో చేసిన సాయం కూడా చెరుపు చేయొచ్చన్న చర్చ వస్తే ఇప్పటికీ మొదట తలచుకునేది ఆ పేపరునే. చెడుగా తేలిన వాళ్లను ఆవిడ "ఇన్‌కంప్లీట్" అని తీసేసి ఉంటే మనకు ఆ సంగతి తెలిసేదే కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. సార్ చెప్పినట్టు ఇన్‌కంప్లీట్ అని రాసేయొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, చాలాసార్లు దీనివల్ల ఏమీ కాదు, రివ్యూయర్ నమ్ముతాడు, పేపరు వస్తుంది. అయితే ఇప్పటిదాకా మీరు కొంచెం దాచారంతే, ఈ జవాబుతో రాతపూర్వకంగా అబద్ధం చెప్పినట్టవుతుంది, కింద సంతకం మీది. ఎడిటర్ రా డేటా పంపమంటే అక్కడితో ఆట ముగుస్తుంది. అడగకపోయినా మీ సినాప్సిస్‌లో, ప్రగతి నివేదికల్లో 216 ఉంది, రేపు థీసిస్ ఆన్‌లైన్‌లో థీసిస్‌లన్నీ ఉంచే శోధ్‌గంగలోకి ఎక్కాక ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇంకోటి, 0.004 అని అచ్చయిన కౌన్సెలింగ్ పద్ధతిని రేపు ఏదో స్వచ్ఛంద సంస్థ తీసుకుని ఇంకో వంద సంఘాల్లో నడుపుతుంది, మీ ఏడుగురికి జరిగింది అక్కడా జరగొచ్చు.

లేదా రివ్యూయర్‌కు నిజం చెప్పొచ్చు. జవాబు పొడవుగా అక్కర్లేదు. "ఆ 11 ఫారాలు పూర్తిగా నింపినవే. స్కోరు పెరిగినందున విశ్లేషణలో తొలగించాం, ఆ తొలగింపుకు ముందస్తు ప్రమాణం లేదు. సవరించిన ప్రతిలో 216 మందితో, సంఘాల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుని చేసిన విశ్లేషణను ప్రధానంగా ఇస్తున్నాం, పాత విశ్లేషణను పోలిక కోసం విడిగా చూపుతున్నాం." అంతే. ఎడిటర్ తిరస్కరించొచ్చు, అందుకు మీరు సిద్ధపడే పంపాలి. అయితే 216లోంచి 205 తీసి చూసిన రివ్యూయర్ పేపరు నిజంగా చదివిన మనిషి, అలాంటివాళ్లు దొరకడమే అరుదు. ఫలితం లేదన్నందుకు కాకుండా ఎందుకు లేదో తవ్వినందుకు ఆ పేపరును నిలబెట్టే అవకాశం అతని దగ్గరే ఎక్కువ. దీనికి మీ సార్ ఒప్పుకోలు కావాలి, సహరచయిత కనుక. ఆయనకు చెప్పకుండా పంపితే అది ఇంకో తప్పు.

మూడోది, పేపరు వెనక్కి తీసుకోవడం. అంగీకారం రాని దశలో ఎడిటర్‌కు ఒక ఈమెయిల్ రాస్తే సరిపోతుంది, మచ్చేమీ పడదు. నాలుగు నెలలు పోతాయి. ఐదో ఏడు కాబట్టి టైమ్ లేదన్న టెన్షన్ మీకుంది గానీ, యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు మీకు వర్తిస్తాయేమో ఒకసారి చూడండి. ఆరేళ్ల గడువు మీద రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు అదనంగా ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్లకు మించకుండా ఇచ్చే వీలుంది. థీసిస్ ఇవ్వాలంటే పేపరు అచ్చయి తీరాలన్న జాతీయ నిబంధనను కూడా ఆ 2022 నిబంధనలే ఎత్తేశాయి. మీరు రిజిస్టరైన ఏడును బట్టి మీకు పాత నిబంధనలే వర్తిస్తాయేమో, మీ యూనివర్సిటీ సొంతంగా ఆ షరతు ఉంచుకుందేమో మీ సెక్షన్ ఆఫీసులో అడిగి, చూపించమని కాగితం మీదే తెలుసుకోండి, నోటిమాట నమ్మొద్దు. ఆ షరతు లేకపోతే మీ భయంలో సగం అక్కడే పోతుంది.

డబ్బు కట్టే జర్నల్ గురించి ఎక్కువ రాయను. పది రోజుల్లో వేసేవాడు రివ్యూ చేయించడు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను ఒప్పుకునే జర్నళ్ల జాబితా అయిన కేర్ లిస్టు ఆపేశాక, ఏది సరైన జర్నలో తేల్చే పని యూనివర్సిటీల మీద పడింది, రేపు మీ ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చుంటారో తెలియదు. పైగా అక్కడ 205తో పేపరు, ఇక్కడ 216తో థీసిస్, రెండూ మీ పేరుతోనే. డబ్బిచ్చి మరీ మీ మీద మీరే సాక్ష్యం తయారుచేసుకున్నట్టు. అది కూడా ఈ జర్నల్ నుంచి తీసుకోకముందే అక్కడికి పంపితే ఇంకో గొడవ.

సార్‌తో ఎలా మాట్లాడాలి అన్నదే మీ అసలు కష్టం, నాకు తెలుసు. "అది తప్పు సార్" అని మొదలుపెట్టకండి, ఆ మాటతో ఆయనకు వెనక్కి తగ్గే దారి ఉండదు. రివ్యూయర్‌ను అడ్డం పెట్టుకోండి. "సార్, అతను లెక్క పట్టుకున్నాడు, రేపు రా డేటా అడిగితే మనిద్దరి పేర్లూ ఉన్నాయి, ఫారాలు చూస్తే పూర్తిగానే ఉన్నాయి, 216తో మళ్లీ చేయించి పంపేద్దామా" అనండి. ఇందులో ఆయన తప్పు ప్రస్తావన లేదు, ఆయన పేరు కాపాడాలన్న ఆలోచన మాత్రం ఉంది. ఒప్పుకుంటే ఆ సాయంత్రమే "మీరు చెప్పినట్టు 216 మందితో విశ్లేషణ మళ్లీ చేయిస్తున్నాను సార్" అని ఒక ఈమెయిల్ పెట్టండి. ఒప్పుకోకపోతే గట్టిగా వాదించకుండా, జవాబు నా చేత్తో అలా రాయలేను, వెనక్కి తీసుకుందాం అనండి. చాలామంది గైడ్లు అక్కడ ఆగుతారు. అప్పటికీ కుదరకపోతే సెమిస్టర్‌కోసారి మీరు హాజరయ్యే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంది కదా. అందులో ఫిర్యాదులా కాకుండా సాంకేతిక సందేహంలా, సంఘాల ప్రభావం లెక్కలోకి తీసుకోవాలా, 216 ఉంచాలా అని అడగండి. జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. గైడ్‌ను మార్చుకోవడం ఆఖరి మాట. అందులో ఏడాది పోవచ్చు, డిపార్ట్‌మెంట్లో మాటలు పడాలి, కొత్త గైడ్ టాపిక్ మార్చమన్నా అనొచ్చు. ఏ దారి ఎంచుకున్నా ఈ వారంలోనే 216 ఫారాలూ స్కాన్ చేసి, మొదటి డేటా ఫైలు ముట్టుకోకుండా ఒక కాపీ మీ దగ్గర వేరుగా పెట్టుకోండి. మీ ఆయనకు కూడా ఆ ఫారాలు చూపించండి. అంకెలుగా వినడం వేరు, వేలిముద్ర ఉన్న కాగితం చేత్తో పట్టుకోవడం వేరు.

మొదటి రివ్యూయర్ అడిగిన నాలుగు పేపర్ల మాట. నాలుగూ చదవండి. మీ విషయానికి నిజంగా పనికొచ్చేది ఉంటే దాన్ని ఉదహరించండి. మిగతావి ఈ అధ్యయనానికి నేరుగా సంబంధించినవి కావని జవాబులో మర్యాదగా ఒక వాక్యం రాయండి, ఎడిటర్‌కు మాత్రమే కనిపించే పెట్టెలో "నాలుగూ ఒకే రచయితవి" అని విడిగా ఒక ముక్క పెట్టండి. ఆ ఒక్క ముక్కతో సంగతి ఎడిటర్‌కు అర్థమైపోతుంది.